చిరుతిళ్లలోని కొవ్వులు – గుండె ఆరోగ్యం

భోజనానికీ భోజనానికీ మధ్య తినే పదార్థాలను చిరుతిళ్లు అంటారు. జంతికలు, చెగోడీలు, సకినాలు, చెక్కలు, బజ్జీలు, పునుగులు, కారప్పూస, బూందీ వంటి తెలుగువారి చిరుతిళ్లలో ఎక్కువ భాగం నూనెలో వేగినవే. వీటికి బేకరీ పఫ్‌లు, బిస్కట్లు, పొట్లాల్లో అమ్మే చిప్స్, మిక్స్చర్ తోడై పల్లెటూరి కిరాణా కొట్టు దాకా చేరాయి. ఈ తిండిలోని కొవ్వు గుండెకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది ప్రధానంగా మూడు విషయాల మీద ఆధారపడి ఉంటుంది: అది ఏ రకం కొవ్వు, ఎంత వేడిలో ఎన్నిసార్లు కాగింది, రోజూ ఎంత తింటున్నాం.

ఒక్క ఉదాహరణతో ఇది తేటపడుతుంది. పామోలిన్‌లో వేయించిన 50 గ్రాముల బంగాళాదుంప చిప్స్‌లో దాదాపు 17 గ్రాముల కొవ్వు ఉంటుంది. అంతే బరువున్న వేయించిన వేరుశనగ పప్పులో 24 గ్రాములకు పైగా ఉంటుంది. కొవ్వు మొత్తమే కొలమానమైతే పల్లీలే ఎక్కువ హానికరం కావాలి. అయినా చిప్స్‌లో గుండెకు చేటు చేసే సంతృప్త కొవ్వు 7 గ్రాములకు పైగా ఉంటే పల్లీలలో అందులో సగమే ఉంటుంది. పల్లీలతో పాటు పీచు, 12 గ్రాముల దాకా మాంసకృత్తులు కూడా అందుతాయి. గింజలు, పప్పులు తరచుగా తినేవారిలో గుండె జబ్బులు తక్కువని పలు దేశాల అధ్యయనాలు చూపాయి. కాబట్టి కొవ్వు ఎంత అన్న ప్రశ్నతో పాటు ఏ కొవ్వు అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి.

భారతీయులకు ఈ విషయం ఎందుకు ముఖ్యం

భారతదేశంలో 2016లో సంభవించిన మరణాల్లో 28.1 శాతానికి గుండె, రక్తనాళాల జబ్బులే కారణం. 1990లో ఈ వాటా 15.2 శాతం. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం దక్షిణాసియా వాసులకు తొలి గుండెపోటు వచ్చే మధ్యస్థ వయసు 53 ఏళ్లు, మిగతా ప్రాంతాల వారికి దాదాపు 59 ఏళ్లు. అంటే ఇంటిని నడిపే వయసులోనే జబ్బు మీద పడుతోంది. భారత వైద్య పరిశోధన మండలి మధుమేహంపై చేపట్టిన దేశవ్యాప్త అధ్యయనం తొలి దశలో పరీక్షించిన వారిలో మూడింట రెండొంతుల కంటే ఎక్కువ మందికి మేలు చేసే హెచ్‌డీఎల్ కొలెస్ట్రాల్ తక్కువగా ఉన్నట్టు తేలింది. తెల్లబియ్యం, మైదా వంటి పిండిపదార్థాలు ఎక్కువగా తినే జనానికి ఈ లక్షణం సాధారణం. పైగా చిరుతిండి రూపంలో సంతృప్త కొవ్వు, ఉప్పు, మైదా కలిసి వచ్చినప్పుడు ముప్పు అన్ని వైపుల నుంచీ పెరుగుతుంది.

కొవ్వుల్లో రకాలు

నూనె అయినా నెయ్యి అయినా కొవ్వు ఆమ్లాల సమాహారమే. ఏ కొవ్వైనా గ్రాముకు 9 కేలరీల శక్తినిస్తుంది. ఆ ఆమ్లాల్లోని కార్బన్ గొలుసు అమరికను బట్టి వాటిని నాలుగు రకాలుగా చెబుతారు.

సంతృప్త కొవ్వుల గొలుసులో జంట బంధాలు ఉండవు. అందువల్ల అవి సాధారణ ఉష్ణోగ్రత దగ్గర గడ్డకట్టే స్వభావం కలిగి ఉంటాయి. పామాయిల్‌లోని పామిటిక్ ఆమ్లం, కొబ్బరి నూనెలోని లారిక్ ఆమ్లం ఈ కోవవి. ఒకే జంట బంధం ఉన్నవి ఏక అసంతృప్త కొవ్వులు. వేరుశనగ, నువ్వుల నూనెల్లోని ఓలియిక్ ఆమ్లం వీటికి ఉదాహరణ. రెండు లేదా అంతకంటే ఎక్కువ జంట బంధాలున్నవి బహు అసంతృప్త కొవ్వులు. పొద్దుతిరుగుడు నూనెలో పుష్కలంగా ఉండే లినోలియిక్ ఆమ్లం, అవిసె గింజల్లోని ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఈ రకానివి. ఈ రెండింటినీ శరీరం సొంతంగా తయారు చేసుకోలేదు, తిండి నుంచే రావాలి. నాలుగో రకం ట్రాన్స్ కొవ్వు. ఇది పేరుకు అసంతృప్త కొవ్వే. కానీ జంట బంధం దగ్గర గొలుసు వంగకుండా నిటారుగా ఉండటం వల్ల గట్టిపడే గుణాన్నీ, అంతకు మించిన హానినీ తెచ్చుకుంది.

వాడుకలో ఉన్న నూనెల్లో, కొవ్వుల్లో సంతృప్త కొవ్వు వాటా ఉజ్జాయింపుగా ఇలా ఉంటుంది:

- పొద్దుతిరుగుడు నూనె: 11 శాతం
- నువ్వుల నూనె: 15 శాతం
- వేరుశనగ నూనె: 18 శాతం
- తవుడు నూనె: 20 శాతం
- పామోలిన్: 43 శాతం
- పామాయిల్: 50 శాతం
- నెయ్యి: 60 శాతానికి పైగా
- కొబ్బరి నూనె: 85 శాతానికి పైగా

గానుగ నూనె, రిఫైండ్ నూనె అన్న తేడా ఈ వాటాను మార్చదు. గానుగ ఆడించిన నూనెలో విటమిన్ ఇ వంటి సూక్ష్మ పదార్థాలు, సహజమైన వాసన నిలుస్తాయి. కొవ్వు ఆమ్లాల కూర్పు మాత్రం అదే. గానుగ నూనె కనుక ఎంతైనా వాడవచ్చన్నది అపోహ.

రక్తనాళాల్లో జరిగేది

కొవ్వు, కొలెస్ట్రాల్ నీటిలో కరగవు కాబట్టి రక్తంలో అవి లైపోప్రొటీన్లు అనే రేణువుల్లో ప్రయాణిస్తాయి. వీటిలో ఎల్‌డీఎల్ రేణువులను రక్తం నుంచి తీసివేసే పని ప్రధానంగా కాలేయానిది. కాలేయ కణాల ఉపరితలం మీద ఉండే గ్రాహకాలు ఈ రేణువులను పట్టి లోపలికి తీసుకుంటాయి. ఈ గ్రాహకాలను కనుగొన్న మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి లభించింది. సంతృప్త కొవ్వు ఎక్కువైతే ఈ గ్రాహకాల పని మందగిస్తుంది, ఎల్‌డీఎల్ రక్తంలోనే ఎక్కువసేపు తిరుగుతుంది. అసంతృప్త కొవ్వులు ఆ పనిని చురుకుగా ఉంచుతాయి.

ఎక్కువైన ఎల్‌డీఎల్ ధమని లోపలి పొర కిందికి చేరి అక్కడ ఆక్సీకరణ చెందుతుంది. దాన్ని తొలగించడానికి వచ్చిన తెల్ల రక్తకణాలు కొవ్వుతో ఉబ్బి నురుగు కణాలుగా మారతాయి. ఏళ్ల తరబడి ఇవి పేరుకుని పూడికగా తయారవుతాయి. ఒకనాడు ఆ పూడిక పైపొర చిట్లి రక్తం గడ్డకడితే, గుండె కండరానికి రక్తం అందక గుండెపోటు వస్తుంది. ఈ పూడిక యౌవనంలోనే మొదలై దశాబ్దాల పాటు నొప్పి లేకుండా పెరుగుతుంది. చిన్ననాటి చిరుతిండి అలవాట్లకు ప్రాముఖ్యం ఇందువల్లే.

ట్రాన్స్ కొవ్వు ఎల్‌డీఎల్‌ను పెంచడంతో ఆగదు, హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది కూడా. రోజువారీ శక్తిలో 2 శాతం ట్రాన్స్ కొవ్వు నుంచి వస్తే గుండె ధమనుల జబ్బు 23 శాతం పెరుగుతుందని 2006లో వెలువడిన ఒక సమీక్ష లెక్కగట్టింది. రోజుకు 2,000 కేలరీలు తినేవారికి ఆ 2 శాతం అంటే సుమారు 4.5 గ్రాములు, చెంచాడు మాత్రమే.

పరిశోధన చరిత్ర

కొలెస్ట్రాల్ తినిపించిన కుందేళ్ల ధమనుల్లో పూడికలు ఏర్పడతాయని రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ అనిచ్‌కోవ్ 1913లో చూపారు. అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ 1958లో ఏడు దేశాల అధ్యయనం ప్రారంభించారు. సంతృప్త కొవ్వు ఎక్కువగా తినే ఫిన్లాండ్‌లో గుండె జబ్బులు అధికమనీ, ఆలివ్ నూనె వాడే గ్రీసు ద్వీపం క్రీట్‌లోనూ, కొవ్వు తక్కువగా తినే జపాన్‌లోనూ బాగా తక్కువనీ ఆ అధ్యయనం చూపింది. దేశాల ఎంపిక మీదా, జీవనశైలిలోని ఇతర తేడాల మీదా విమర్శలు వచ్చినా, సంతృప్త కొవ్వు కొలెస్ట్రాల్‌ను పెంచుతుందన్న విషయం ఆ తర్వాత నియంత్రిత ప్రయోగాల్లో పదేపదే రుజువైంది.

2010, 2014లలో వెలువడిన రెండు విశ్లేషణలు సంతృప్త కొవ్వుకూ గుండె జబ్బుకూ నేరుగా సంబంధం కనిపించలేదని చెప్పడంతో నెయ్యి, వెన్న నిర్దోషులన్న ప్రచారం జోరందుకుంది. తర్వాతి పరిశీలనలు అసలు కిటుకు విప్పాయి. సంతృప్త కొవ్వు తగ్గించి ఆ స్థానంలో మైదా, చక్కెర పెంచితే ఫలితం కనబడదు. దాని బదులు అసంతృప్త కొవ్వు లేదా ముడి ధాన్యం తీసుకుంటే ముప్పు తగ్గుతుంది. కనీసం రెండేళ్లు సంతృప్త కొవ్వు తగ్గించిన వారిలో గుండె, రక్తనాళాల సమస్యలు దాదాపు 17 శాతం తగ్గాయని కోక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది. కొవ్వు తగ్గించి చక్కెర పెంచిన ‘లో ఫ్యాట్’ బిస్కట్టు గుండెకు ఏ విధంగానూ రక్షణ కాదు.

వనస్పతి, ట్రాన్స్ కొవ్వులు

ద్రవ నూనెలోకి నికెల్ ఉత్ప్రేరకం సాయంతో హైడ్రోజన్ పంపి గట్టిపరిచే విధానానికి జర్మనీ రసాయన శాస్త్రవేత్త విల్‌హెల్మ్ నార్మన్ 20వ శతాబ్దం తొలినాళ్లలో పేటెంటు పొందారు. అమెరికాలో 1911లో క్రిస్కో, భారతదేశంలో 1937లో డాల్డా బజారులోకి వచ్చాయి. నెయ్యి కొనలేని ఇళ్లలో, మిఠాయి దుకాణాల్లో వనస్పతి దశాబ్దాల పాటు రాజ్యమేలింది. నూనెను పూర్తిగా కాక సగంలో గట్టిపరచడం వల్ల ట్రాన్స్ కొవ్వులు పుట్టుకొచ్చేవి. చౌక, నిల్వ, గుల్లదనం అనే మూడు గుణాల వల్ల బేకరీలు దీన్ని వదల్లేదు. పఫ్ పొరలు పొరలుగా విడిపోవడానికి, బిస్కట్టు నోట్లో కరగడానికి ఈ గట్టి కొవ్వే కారణం.

గుండె జబ్బుతో మరణించిన వారి ధమనుల్లో ట్రాన్స్ కొవ్వులు ఉన్నాయని అమెరికా శాస్త్రవేత్త ఫ్రెడ్ కుమ్మెరో 1957లోనే ప్రచురించారు. చాలా ఏళ్లు ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. 1990లో నెదర్లాండ్స్‌కు చెందిన మెన్సింక్, కాటాన్‌ల ప్రయోగం ట్రాన్స్ కొవ్వుల జంట హానిని నిరూపించింది. 2003లో డెన్మార్క్ ప్రపంచంలోనే మొదటిసారి నూనె, కొవ్వుల్లో పారిశ్రామిక ట్రాన్స్ కొవ్వు 2 శాతానికి మించరాదని చట్టం చేసింది. తన పరిశోధనను ప్రభుత్వం పట్టించుకోలేదని కుమ్మెరో 98 ఏళ్ల వయసులో అమెరికా ఆహార, ఔషధ సంస్థ మీద దావా వేశారు. 2015లో ఆ సంస్థ పాక్షికంగా హైడ్రోజనీకరించిన నూనెలు సురక్షితం కావని ప్రకటించింది. న్యూయార్క్ రాష్ట్రంలో హోటళ్లలో ట్రాన్స్ కొవ్వులను కట్టడి చేసిన కౌంటీలలో కొన్నేళ్లకే గుండెపోటు, పక్షవాతంతో ఆసుపత్రిలో చేరేవారు 6 శాతానికి పైగా తగ్గారు. ఒక చట్టం ఇంత వేగంగా ప్రాణాలు నిలబెట్టడం ఆహార రంగంలో అరుదు.

భారతదేశంలో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఈ పరిమితిని మెట్టు మెట్టుగా దించింది. 2011లో నూనెలు, కొవ్వుల్లో 10 శాతంగా ఉన్న హద్దు తర్వాత 5 శాతానికి, 2021 జనవరి 1 నుంచి 3 శాతానికి, 2022 జనవరి 1 నుంచి 2 శాతానికి తగ్గింది. నూనె కలిసిన ఆహార పదార్థాలకు కూడా ఇప్పుడు ఇదే హద్దు వర్తిస్తుంది. పెద్ద కంపెనీల పొట్లాల మీద చట్టం పట్టు బిగిసినా, విడిగా అమ్మే మిఠాయిలు, వీధి బేకరీల సరుకు మీద తనిఖీ ఇంకా పెరగాలి.

పామాయిల్ ప్రాబల్యం

వనస్పతి వదిలిన ఖాళీని చాలా చోట్ల పామాయిల్, దాని ద్రవ భాగమైన పామోలిన్ నింపాయి. ప్రపంచంలో పామాయిల్‌ను అత్యధికంగా దిగుమతి చేసుకునే దేశం భారత్. ఇండోనేషియా, మలేషియా ప్రధాన సరఫరాదారులు. దేశంలో ఆయిల్‌పామ్ గెలలు అత్యధికంగా పండించేది ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే. ఏలూరు దగ్గరి పెదవేగిలో భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ‘అమ్మహస్తం’ పథకంలో రేషన్ కార్డుదారులకు ఇచ్చిన సరుకుల్లో పామోలిన్ కూడా ఒకటి.

పామోలిన్‌లో బహు అసంతృప్త కొవ్వు తక్కువ కాబట్టి వేడికి త్వరగా చెడదు, చిప్స్ పొట్లం నెలల పాటు కమురు వాసన రాకుండా ఉంటుంది, ధర కూడా తక్కువ. పొట్లాన్ని దుకాణం అరలో తాజాగా నిలబెట్టే ఆ రసాయన గుణమే తినేవారి ఎల్‌డీఎల్‌ను పెంచే గుణం కూడా. ట్రాన్స్ కొవ్వున్న వనస్పతి కంటే పామోలిన్ మేలే. కానీ వేరుశనగ, నువ్వుల, తవుడు నూనెలతో పోలిస్తే సంతృప్త కొవ్వు రెట్టింపుకు పైనే.

వేపుడులో జరిగే మార్పులు

దాదాపు 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాగే నూనెలో పిండి పడగానే అందులోని తేమ ఆవిరై బుడగలుగా బయటికి వస్తుంది. తేమ విడిచిన చోట సన్నని రంధ్రాలు మిగులుతాయి. మూకుడు నుంచి తీసిన తర్వాత పదార్థం చల్లబడే క్రమంలో పైన అంటుకున్న నూనె ఈ రంధ్రాల్లోకి పీల్చుకుపోతుంది. నూనెలో చాలా భాగం లోపలికి చేరేది ఈ దశలోనే. అందుకే చిల్లుల గరిటెతో తీసిన వెంటనే, వేడి మీదే నూనె వాడ్చడం రుచికే కాదు, గుండెకూ మేలు. నూనె సరిగా కాగకముందే వేస్తే వేగడానికి ఎక్కువసేపు పడుతుంది, నూనె ఎక్కువ పీలుస్తుంది. బజ్జీ పిండిలో తినేసోడా ఎక్కువైనా అంతే. జంతికలు, చెక్కలు గుల్లగా రావాలని పిండిలో కలిపే కాచిన నూనె, వెన్న కూడా లెక్కలోకి వస్తాయి.

ఒకే నూనెను మళ్లీ మళ్లీ కాచినప్పుడు గాలి, తేమ, వేడి కలిసి దాన్ని విచ్ఛిన్నం చేస్తాయి. నూనె నల్లబడి చిక్కబడుతుంది, నురగ కడుతుంది, త్వరగా పొగ వస్తుంది. అప్పుడు పుట్టే ఆల్డిహైడ్లు, ఆక్సీకరణ చెందిన కొవ్వులు రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. ఈ విషయంలో పొద్దుతిరుగుడు వంటి బహు అసంతృప్త నూనెలు త్వరగా చెడతాయి. తాళింపుకు, కూరకు మంచిదైన నూనె రోజంతా కాగే బజ్జీల మూకుడుకు మంచిది కాకపోవచ్చు.

వాడిన నూనెలో, అది విచ్ఛిన్నమైనప్పుడు ఏర్పడే పోలార్ సమ్మేళనాల మొత్తం 25 శాతం దాటితే వంటకు పనికిరాదని భారత ఆహార భద్రత సంస్థ 2018 జూలై 1 నుంచి నిబంధన తెచ్చింది. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే వ్యాపారులు దాని లెక్కలు రాసి ఉంచాలి. పాడైన నూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చే కార్యక్రమం కూడా అదే ఏడాది మొదలైంది. పెద్ద హోటలు వాడి పారేయాల్సిన నూనె చిన్న బండి మూకుడులోకి చేరకుండా చూడటమే దీని ముఖ్య ఉద్దేశం.

ఎంత మోతాదు

మొత్తం శక్తిలో సంతృప్త కొవ్వు వాటా 10 శాతానికి, ట్రాన్స్ కొవ్వు వాటా 1 శాతానికి మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. 2,000 కేలరీల ఆహారానికి ఇది 22 గ్రాముల సంతృప్త కొవ్వు, సుమారు 2 గ్రాముల ట్రాన్స్ కొవ్వుతో సమానం. మొదట చెప్పిన 50 గ్రాముల చిప్స్‌తోనే సంతృప్త కొవ్వు పరిమితిలో మూడో వంతు ఖర్చవుతుంది.

 హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో 2,000 కేలరీల పళ్లేనికి రోజుకు 27 గ్రాముల నూనె, కొవ్వు చాలని, దానితో పాటు నట్స్, గింజలు 35 గ్రాములు తీసుకోవాలని సూచించింది. ఒకే నూనెకు కట్టుబడకుండా రకరకాల నూనెలు వాడమనీ చెప్పింది. 27 గ్రాములంటే సుమారు ఆరు చెంచాలు. కూరా తాళింపూ పోను అందులో చిరుతిండికి మిగిలేది కొద్దే.

లేబుల్ చదవడం

పొట్లం మీద సంతృప్త కొవ్వు, ట్రాన్స్ కొవ్వు, సోడియం, కలిపిన చక్కెర ఎంతో ముద్రించడం తప్పనిసరి. ‘పామోలిన్’, ‘ఇంటరెస్టరిఫైడ్ కొవ్వు’ (కొవ్వు ఆమ్లాల అమరిక మార్చి తయారుచేసినది), ‘హైడ్రోజనేటెడ్ కొవ్వు’ అన్న పదాలు కావలసిన పదార్థాల జాబితాలో కనిపిస్తాయి. జాబితాలో ముందు ఉన్న పదార్థం ఎక్కువ పరిమాణంలో ఉన్నట్టు. ఒక సర్వింగుకు ఇచ్చిన అంకె పొట్లం మొత్తానిది కాదని గమనించాలి. నూనె డబ్బా మీది ‘కొలెస్ట్రాల్ లేదు’ అన్న మాటకు విలువ తక్కువ, ఎందుకంటే మొక్కల నూనెల్లో కొలెస్ట్రాల్ చెప్పుకోదగ్గ మోతాదులో ఉండదు. ‘ట్రాన్స్ కొవ్వు లేదు’ అన్నంత మాత్రాన సంతృప్త కొవ్వు తక్కువని అర్థం కాదు.

మేలైన చిరుతిళ్లు

తెలుగు వంటింట్లోనే గుండెకు అనువైన చిరుతిళ్లు ఎన్నో ఉన్నాయి. ఆవిరి మీద ఉడికే కుడుములు, తాళింపు పెట్టిన శనగ గుగ్గిళ్లు, ఉడికించిన వేరుశనగ కాయలు, జొన్న పేలాలు, కాల్చిన మొక్కజొన్న పొత్తు, ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసంతో కలిపిన మరమరాలు వీటిలో కొన్ని. నువ్వులు, బెల్లంతో చేసే చిమ్మిలి, పల్లీ పట్టీలలో మంచి కొవ్వు ఉన్నా తీపి ఉంది కనుక మితం అవసరం. రాయలసీమ ఉగ్గానికి బొరుగులే ఆధారం. పక్కన వచ్చే బజ్జీని ఒకటితో ఆపితే ఆ పళ్లెం తేలికైనదే.

సంక్రాంతికి సకినాలు, అరిసెలు ఒకప్పుడు ఏడాదికోసారి, ఇంటి నూనెలో, ఇరుగుపొరుగు చేతులు కలిపి వండిన వంటలు. ఏడాదిలో కొన్ని రోజుల పండుగ తిండి గుండెను దెబ్బతీయదు. అదే పిండివంట ప్రతి సాయంత్రం, ఎన్నిసార్లు కాచారో తెలియని నూనెలో, పొట్లంలో కట్టి వచ్చినప్పుడే ముప్పు పెరుగుతుంది. ఇంట్లో మంచి నూనెలో తక్కువగా వండుకోవడం, వాడిన నూనెను వడకట్టి ఒకటి రెండుసార్లకు మించి కాచకపోవడం, పిల్లలకు బడి సంచిలో చిప్స్ బదులు పల్లీలు, శనగలు, పండు పెట్టడం కుటుంబం చేతిలో ఉన్న పనులు. వీధి మూకుళ్లలో నూనె నాణ్యతను తనిఖీ చేయడం, రేషన్ దుకాణాల్లో వేరుశనగ, తవుడు నూనెలను అందుబాటు ధరకు ఇవ్వడం, పొట్లం ముందువైపే హెచ్చరిక ముద్రింపజేయడం ప్రభుత్వాలు చేయాల్సినవి. డెన్మార్క్, న్యూయార్క్ అనుభవాలు చూపినట్టు, ఈ రెండో బాధ్యత నెరవేరినప్పుడు లేబుల్ చదవలేని వారికీ, ఖరీదైన నూనె కొనలేని వారికీ రక్షణ అందుతుంది.